బండి ఎవరి పేరు మీద

కోరుట్ల
జూన్

అల్ఫీ,

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. అవతలి మనిషి నా మాట కోసం ఎదురుచూస్తున్నట్టు అనిపిస్తే నాకు మాట రాదని నీకు తెలుసు. జగిత్యాల హాస్టల్లో నాకు నచ్చింది ఆదివారం ఉత్తరాల గంట ఒక్కటే. నీకేమో ఆ గంటంటే విసుగు. అయినా ఇన్నేళ్లుగా జవాబులు రాస్తూనే ఉన్నావు.

సాగర్ అన్న దుబాయ్ నుంచి పూర్తిగా వచ్చేశాడు. వస్తూ హైదరాబాద్‌లో సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడు. రేసు ట్రాక్ మీద తిప్పడానికి తయారుచేసిన జర్మనీ కారు. దుబాయ్‌లో ట్రాక్ దగ్గర టైర్లు మార్చే పనిలో ఉన్నన్నాళ్లు ఇలాంటి కార్లను తుడిచాడే గానీ ఎప్పుడూ కూర్చోలేదట. ఊరవతల ప్లాటు కోసం దాచినదంతా దానికే పోయింది.

తెల్ల కారు. నేలకు ఆనుకుని ఉంటుంది. లోపల ఏమీ లేదు. వెనక సీట్లు లేవు, ఏసీ లేదు, కాళ్ల కింద పట్టా లేదు. తలుపుకు లోపలి పిడి బదులు గుడ్డ పట్టీ. చుట్టూ ఇనుప పైపులు.

"బరువు తక్కువుంటెనే ఉరుకుతది," అన్నాడు అన్న.

అమ్మ తొంగి చూసి, "గిన్ని పైసలు వెట్టి సగం కారే తెచ్చినవేందిరా?" అంది.

డ్రైవర్ సీటు మాత్రం చూడాలి నువ్వు. పాత యజమానిని అందులో కూర్చోబెట్టి, వెనక నురుగు పోసి గట్టిపడనిచ్చారట, ఒంటికి అతికినట్టు ఉండాలని. ఎవరూ లేనప్పుడు కూడా ఆ సీట్లో ఒక మనిషి ఉన్నట్టే ఉంటుంది. అతని ఎడమ భుజం కుడి భుజం కన్నా కిందికి ఉంటుంది.

మంగళవారం కొండగట్టుకు పూజకు పోయాం. అన్న కొబ్బరికాయలకు పోయాడు. కాగితాలు నా చేతిలో ఉన్నాయి. అయ్యగారు వచ్చి, "బండి ఎవరి పేరు మీదున్నదమ్మా?" అని అడిగారు. నేను ఆర్సీ కార్డు చూసి చదివాను. "హబీబ్."

అయ్యగారు కార్డు వైపు ఒకసారి చూశారు. గోత్రం అడగలేదు. హబీబ్ నామధేయస్య అని మొదలుపెట్టేశారు. ఆ పేరు పాత యజమానిదని, అన్న ఇంకా మార్పించుకోలేదని, పూజ సాగర్ పేరున చేయాలని చెప్పాలి. చెప్పలేకపోయాను. అడిగిన దానికే జవాబు చెప్పమని హాస్టల్లో సిస్టర్ నేర్పింది కదా. అదే చెప్పాను. మంత్రం నడుస్తుండగా ఆపడం నాకు రాదు.

టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. బండి కదిలింది. మూడు నలిగాయి. ఎడమవైపు ముందుది నలగలేదు. ఆ టైర్ల రబ్బరు బంకలా మెత్తన. నిమ్మకాయ దానికి అతుక్కుని ఒక చుట్టు తిరిగి, మళ్లీ పైకి వచ్చింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సౌమ్య

*

సిరిసిల్ల
జూలై

సౌమ్యా,

నీ ఉత్తరం నానమ్మకు చదివి వినిపించిన. ఆంజనేయస్వామి గుడిల హబీబ్ పేరు మీద పూజ! ముసల్ది నవ్వి నవ్వి పాన్‌దాన్ కింద పడగొట్టుకున్నది. "దేవునికి ఏం ఫరక్ పడదు, అయ్యగారే మంచోడు," అన్నది. నువ్వు మారవే. హాస్టల్ల గట్లనే కదా, సిస్టర్ "ఎవరు మాట్లాడిండ్రు" అంటే "అల్ఫియా" అని చెప్పి నన్ను నిలబెట్టించినవు. అడిగిన దానికే జవాబు!

మా కాడ పనే పని. కుట్టు యూనిట్ల బడి పిల్లల యూనిఫారాలు నడుస్తున్నయి. కలల గుడ నీలం రంగే కనవడుతున్నది.

బండి చూసుకునేటందుకు జగిత్యాలల అస్లం మామూ ఉన్నడు కదా, సాగర్ భాయ్‌ను ఆయన కాడికి పొమ్మను. పెద్ద బండ్లు రిపేరు చేస్తడు. పైసలు ఎక్కువ అడిగితే నా పేరు చెప్పు, ఇంకింత ఎక్కువ అడుగుతడు.

ఒక మాట. నానమ్మ నవ్వుడు అయినంక సల్లగ అడిగింది: "గా హబీబ్ అనేటోడు ఉన్నడా, పోయిండా? పోయినోని పేరైతే పూజ ఎవలకు ముడుతది?" నేనేం చెప్పాలె? కనుక్కో.

నీ అల్ఫియా

*

కోరుట్ల
ఆగస్టు

అల్ఫీ,

అస్లం మామ కారు కిందికి దూరి చూశారు. మొదటిసారి అన్నను భయపెట్టారు. "గీ బండ్లు ఇల్లు అమ్మిస్తయి భాయ్. బ్రేకులు అరుగుతయి, క్లచ్ పోతది, టైర్లు సబ్బుల లెక్క కరుగుతయి. సామాను జర్మనీకెల్లి రావాలె. నువ్వు ముసలోనివైతవు." అన్న నవ్వాడు.

ముత్యంపేట దాకా, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ గోడ వెంబడి, అన్న రోజూ పొద్దున పోయి వస్తున్నాడు. పోయిన వారం మళ్లీ జగిత్యాల తీసుకుపోయాడు. నేనూ బస్సులో పోయాను. కారులో నాకు చోటు లేదు, పక్క సీటు కూడా పీకేశాడు. మామ చక్రాలు విప్పి, ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూశారు.

"ఏమైంది మామా?" అన్నాను.

"ఏం గాలేదు బేటీ. గదే పరేషాన్. బ్రేకు ప్యాడ్లు కొత్తయి కొత్తగనే ఉన్నయి. క్లచ్ అంతే. టైరు మీద గీత గుడ అరగలే. గిట్లయితే నేనేం తినాలె?"

ఆయన చేతులు తుడుచుకుంటూ నవ్వారు. నేను అన్న వైపు చూశాను.

అన్న ఎడమ మోకాలు పట్టేసింది. క్లచ్ తొక్కే కాలు అది. నిద్రలో పళ్లు కొరుకుతున్నాడు, ముందు పళ్ల అంచులు అరిగిపోయాయి. రేషన్ షాపులో అన్న వేలిముద్ర పడలేదు. డీలరు రాజేశం వేళ్లు మార్చి మార్చి పెట్టించి, "నీ ఏళ్లు గాజు లెక్కున్నయేందిరా, అక్కడ సిమెంట్ పని చేసినవా?" అన్నాడు. నేను ఆ వేళ్లు చూశాను. గీతలు లేవు.

నాకు పుస్తకాల పిచ్చి కాబట్టి ఇలాంటివి కనిపిస్తున్నాయేమో. నువ్వు నవ్వు, నాకు ధైర్యంగా ఉంటుంది.

ఇంకొకటి. ఇంట్లోంచి వస్తువులు పోతున్నాయి. దొంగలు కాదు, అన్నే. మొదట హాల్లో సోఫా. తర్వాత బీరువా తలుపులు. తలుపులు మాత్రమే. నిన్న వంటింటి ఫ్యాను దింపాడు. అమ్మ అడిగితే, "ఉట్టి బరువమ్మా," అన్నాడు. అన్నం కూడా సగమే తింటున్నాడు. మస్కట్ నుంచి నాన్న ఫోన్ చేస్తే, ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, ఏమీ మాట్లాడకుండా పెట్టేశాడు.

హబీబ్ ఉన్నాడో లేడో అన్నను అడిగాను. "నాకెట్ల తెలుస్తది? వాళ్ల అమ్మ అమ్మింది," అన్నాడు.

సౌమ్య

*

సిరిసిల్ల
సెప్టెంబరు

సౌమ్యా,

నవ్వుదామనే అనుకున్న.

దసరా పండుగకు సాగర్ భాయ్‌కి అంగీ కుట్టమని కొలతలు పంపినవు కదా. ఆయన కొలతలు నాకు నోటికొచ్చు. ప్రతి ఏడు నేనే కుడుతున్న. నువ్వు టేపు తప్పు పెట్టినవని అనుకున్న. ఎడమ భుజం కిందికున్నది, చెయ్యి పొడుగైంది, ఛాతీ తగ్గింది. ఇది సాగర్ భాయ్ అంగీ కాదే. ఇంకెవలదో.

అయినా కుట్టిన. పంపుతున్న. తొడిగినంక సరిపోలేదని రాయి. దయచేసి గట్లనే రాయి.

అస్లం మామూను అడిగి, కారు అమ్మిపెట్టిన హైదరాబాద్ డీలర్ నంబరు తీసుకున్న. హబీబ్ వాళ్ల ఇల్లు ఎక్కడ్నో కనుక్కుంటున్న. మా ఖాలా, అమ్మ చెల్లె, ఆడనే ఉంటది. ఆమె తోడు పోతే మర్యాదగ ఉంటది.

నువ్వు తింటున్నవా?

అల్ఫియా

*

కోరుట్ల
అక్టోబరు

అల్ఫీ,

అంగీ సరిపోయింది.

ఒక కుట్టు కూడా తేడా లేదు. అన్న అద్దం ముందు నిలబడి చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత అద్దం కూడా తీసేశాడు.

పండుగ రోజు మధ్యాహ్నం జరిగింది చెబుతాను. అన్న వాకిట్లో కారు తుడుస్తున్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి పిలిచింది. "సాగర్, అన్నం తిందువురా." అన్న తిరగలేదు. అమ్మ మళ్లీ పిలిచింది. ఈసారి గట్టిగా. పక్కింటి అంజవ్వ కూడా పిట్టగోడ మీంచి, "అరే సాగరూ, మీ అవ్వ పిలుస్తున్నది, చెవుడా?" అంది. అన్న గుడ్డ పిండుకుంటూనే ఉన్నాడు. వినిపించనట్టు కాదు. ఇంకెవరినో పిలుస్తున్నట్టు.

నాకు ఆ పని ఎందుకు చేయాలనిపించిందో తెలియదు. అమ్మ వెనక నిలబడి చాలా నెమ్మదిగా అన్నాను. నా గొంతు నీకు తెలుసు, గదిలో పక్కన ఉన్నవాళ్లకే వినపడదు.

"హబీబ్."

అన్న వెంటనే తిరిగి చూశాడు. "ఆఁ?" అన్నాడు.

ఎడమ భుజం దించి, తల కొంచెం వంచి, నవ్వుతూ. ఆ నవ్వు మా ఇంట్లో ఎవరిదీ కాదు.

అమ్మకు అర్థం కాలేదు, మంచిదే అయింది. నేను లోపలికి పోయి నా పుస్తకాల ముందు కూర్చున్నాను. వాటి మీద కూడా అన్న చూపు పడింది. "ఇన్ని ఎందుకు?" అని అడిగాడు మొన్న.

అల్ఫీ, ఆ రోజు కొండ మీద నేను చదివిన పేరు అది. త్వరగా హైదరాబాద్ పో.

సౌమ్య

*

సిరిసిల్ల
నవంబరు

సౌమ్యా,

పోయొచ్చిన.

హబీబ్ లేడు. కిందటేడు పోయిండు. కారుల కాదు, మంచంల. డాక్టర్లకు రోగం దొరకలేదట. తగ్గుకుంట తగ్గుకుంట పోయిండు. వాళ్ల అమ్మ మా ఇద్దరికీ చాయ్ ఇచ్చింది. కూసుందామంటే కుర్చీలు లేవు. పెద్ద ఇల్లు, ఖాళీ. చాప మీద కూసున్నం. గోడకు ఒక్క ఫొటో. చిన్నప్పుడు పతంగి ఎగరేసుకుంట మిద్దె మీదికెల్లి పడ్డడట, అప్పటికెల్లి ఎడమ భుజం గట్లనే ఉండె. ఫొటోల హబీబ్ తొడిగిన అంగీ చూసిన సౌమ్యా. నేను కుట్టిన అంగీ లెక్కనే కూసున్నది భుజం మీద.

నేను ఏం అడగకముందే ఆమె అన్న మాట నీకు అట్లనే రాస్తున్న.

"కారుల ఖరాబ్ ఏం లేదు బేటీ. ఎన్నడు ఆగలే. ఎన్నడు సామాను అడగలే. దాని ఖరాబంత మనిషికి వస్తది. ఎవల పేరు మీదుంటే వాళ్లకు."

కొడుకు పేరు మీదనే ఉంచి ఎందుకు అమ్మిండ్రని అడిగిన. ఏడ్చింది. "పేరు తీసేస్తే నిజంగనే పోయినట్టయితది కదా," అన్నది. మీరు పూజ చేయించిన సంగతి చెప్పిన. కొంగు నోట్లె కుక్కుకున్నది. కాసేపటికి, "అందుకే. మావోడు పోతుంటే మీరు పిలిచిండ్రు. వాన్ని ఇడిసిపెట్టుండ్రి. పేరు మార్చుకోండ్రి," అని బండి కాగితాల మీద సంతకాలు పెట్టిచ్చింది. దీంట్లనే పెట్టిన.

ఎవరి పేరు మీదికి అనేది ఆమె రాయలేదు. ఆ జాగ ఖాళీగ ఉన్నది. రెండుసార్లు పెన్ను తీసి మళ్ల మూత పెట్టిన. సాగర్ భాయ్ పేరు రాస్తే ఆ ఖరాబంత ఆయనకే. కొనేటోడు దొరికేదాక ఆగుదామా?

నానమ్మ నీ కోసం దువా చేస్తున్నది. ఫోన్ చేస్తే ఎత్తు.

అల్ఫియా

*

జగిత్యాల
డిసెంబరు

అల్ఫీ,

కొత్త ఆర్సీ కార్డు తీసుకుని, బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. పని అయిపోయింది.

కొనేవాడు దొరికే దాకా ఆగడానికి లేదు. అన్నను పోయిన వారం అమ్మ ఒక్కతే మంచం మీది నుంచి లేపి కూర్చోబెట్టింది. ఒక చేత్తో. మోకాళ్ల నొప్పులతో అమ్మ తనే సరిగ్గా నడవలేదు, అలాంటిది. "పిట్ట లెక్కున్నడే," అని నా వైపు చూసింది. ఆ చూపు తర్వాత నేనేమీ ఆలోచించలేదు.

మర్నాడే ఇక్కడికి వచ్చాను. ఆర్టీవో ఆఫీసులో కౌంటర్ దగ్గరి మనిషి తల ఎత్తకుండానే అడిగాడు. "ఎవరి పేరు మీదికి?"

"నా పేరు మీదికి."

అప్పుడు తల ఎత్తాడు. "నడుపొస్తదా అమ్మా?"

"రాదు."

"మరెందుకు?"

"అమ్మేయడానికి."

పక్కవాళ్లు నవ్వారు. అంతమంది ముందు ఇన్ని మాటలు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. గొంతు ఆగలేదు కూడా.

అన్నతో కారు కొండకు తెప్పించాను. పేరు పెట్టి పిలిచి రమ్మన్నాను, ఏ పేరో నీకు తెలుసు, అదే చివరిసారి. నేనూ అమ్మా ఆటోలో వెనక పోయాం. అదే అయ్యగారు. అదే ప్రశ్న. ఈసారి గట్టిగా చెప్పాను, నా పేరు, మా గోత్రం. నాలుగు నిమ్మకాయలూ నలిగాయి.

కిందికి దిగుతుంటే అన్న కారు ఆపి బయటికి వచ్చాడు. వీపు నొక్కుకుంటూ, "గీ సీటేందే ఇట్ల కుచ్చుకుంటున్నది?" అన్నాడు. ఆటో ఎక్కి అమ్మ ఒడిలో తల పెట్టి నిద్రపోయాడు. కారును తర్వాత అస్లం మామ తెచ్చి వాకిట్లో పెట్టారు. ఇంటికి వచ్చాక రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. తింటూ పైకి చూసి, "అమ్మా, మన ఫ్యాను ఎటు వాయె?" అన్నాడు. అమ్మ నవ్వలేక ఏడ్చింది.

హబీబ్ వాళ్ల అమ్మకు చెప్పు. ఆయన వెళ్లిపోయాడు.

నా గురించి భయపడకు. కొద్ది రోజులే. అమ్మేస్తాను.

సౌమ్య

*

సిరిసిల్ల
జనవరి

సౌమ్యా,

అమ్మినవా?

అస్లం మామూ కొనేటోళ్లను ఇద్దరిని పంపిన అన్నడు. నువ్వు తాళంచెవి ఇయ్యలేదట. "చూపిచ్చుటానికి గుడ బయటికి రాలే" అన్నడు. ఎందుకు? ధర తక్కువైతే తక్కువనే ఇచ్చెయ్యి. ఉట్టిగ ఇచ్చెయ్యి. ఎవలకూ ఇయ్యబుద్ధి కాకుంటే తుక్కుకు ఇచ్చెయ్యి, చక్రాలు ఒకదిక్కు, ఇంజన్ ఒకదిక్కు.

నీ పుట్టినరోజుకు పంపిన జాకెట్టు సరిపోయిందా? పాత కొలతలకే కుట్టిన. ఎడమ భుజం, కుడి భుజం ఒక్కతీరుగ.

ఫోన్ కలుస్తలేదు.

అల్ఫియా

*

కోరుట్ల
ఫిబ్రవరి

అల్ఫియా,

అన్న బాగున్నాడు. బస్టాండు దగ్గర టైర్ల షాపు పెట్టాడు. లావయ్యాడు.

ఫోన్ ఇచ్చేశాను.

ఇంకా అమ్మలేదు. తొందర ఏముంది. కారు చాలా మంచిది. ఒక్కసారీ ఆగలేదు.

నడపడం ఎవరూ నేర్పలేదు. వచ్చింది. సీటును ఎవరూ మార్చలేదు. సరిపోయింది. పొద్దున ముత్యంపేట దాకా. మంచులో గోడ ఒక్కటే ఉంటుంది. ఎవరితోనూ మాట్లాడాల్సిన పని లేదు. నాకు ఇన్నాళ్లు కావలసింది ఇదే అనుకుంటా.

జాకెట్టు వదులు.

పుస్తకాలు అంజవ్వ మనవరాలికి. బరువు తగ్గింది.

బ్యాంకులో వేలిముద్ర పడలేదు. నవ్వొచ్చింది.

నువ్వు రావద్దు. రెండో సీటు లేదు.

*

సిరిసిల్ల బస్టాండు
ఫిబ్రవరి

సౌమ్యా,

నీ ఉత్తరం కింద పేరు లేదు. కవరు మీద గుడ లేదు. ముందుగాల చూసుకోలే. నానమ్మకు చదవరాదు గని కాగితం చేతుల పట్టుకుని, "ఇదేంది, ఉత్తగున్నది," అన్నది.

ఈ ఉత్తరం పోస్టుల వెయ్య. నీ చేతికే ఇస్త. బస్సుల కూసున్న, రాత కదులుతున్నది. పక్కపొంటి నానమ్మ ఉన్నది, పాన్‌దాన్‌తోని. వెనక సీటు మీద నా కుట్టు మిషను, ఇనుపది, పాతది. కండక్టర్ లొల్లి పెడుతున్నడు, "గింత బరువు ఎక్కిస్తే టికెట్ కొట్టాలె" అంటున్నడు. "కొట్టు" అన్న. నువ్వు ఇచ్చేసిన పుస్తకాలన్ని అంజవ్వ మనవరాలి కాడ అడిగి తీసుకుంట, కొన్ని కొత్తయి కొన్న. బియ్యం గుడ తెస్తున్న. మీ ఇంట్ల ఎక్కడ జాగ ఉంటే అక్కడ పెడుత. మిషను నీ గదిల. నానమ్మ నీ మంచం మీద. ఎంత బరువైతే అంత.

కారు సంగతి నాకు తెల్వది. సాగర్ భాయ్‌కి టైర్లు విప్పొస్తది, మామూకు ఇంజను విప్పొస్తది. ఇద్దరికి చెప్పిన, వాకిట్లకే వస్తున్నరు, పానాలు, రెంచీలు పట్టుకుని. ఎవల పేరు మీదికి రాయం. పేరే లేకుంట చేస్తం.

అయితే గది తర్వాత. ముందుగాల నేను వాకిట్ల నిలబడుత. నువ్వు బండి తుడుస్తుంటవు, నాకు తెలుసు. నేను గట్టిగనే పిలుస్త, హాస్టల్ల సిస్టర్ పిలిచినట్టు, అడిగిన దానికే జవాబు చెప్పేటట్టు.

సౌమ్యా అంట.

తిరిగి చూడు.

అల్ఫియా